ఆర్లింగ్టన్ ఇవో జీమా కంచు విగ్రహం: ముందు నుంచి కాదు, వెనక నుంచి చూడండి

రేటింగ్: 5 కి 4. ఆ ఒక్కటి ఎందుకు కోసానో కింద చెప్తా.

మేం ఉండేది నార్తర్న్ వర్జీనియా. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే ఇక్కడ మన వాళ్లందరి డీసీ ప్లాన్ ఒకటే, పొద్దున్నే వైట్‌హౌస్ బయట ఫోటో, తర్వాత లింకన్ మెమోరియల్, మధ్యాహ్నం వాషింగ్టన్ మాన్యుమెంట్ పక్కన గడ్డిలో కూర్చుని పులిహోర డబ్బా తీయడం, ఓపిక మిగిలితే ఒక మ్యూజియం, సాయంత్రానికి అమ్మో మోకాళ్లు అని ఇంటికి. నదికి ఇవతల, మన వర్జీనియా వైపే ఉన్న ఈ విగ్రహం, ఆరుగురు అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతున్నది, మాత్రం ఎవరి లిస్టులోనూ ఉండదు. నేను కూడా ఆరేళ్లు ఆ రోడ్డు మీద తిరిగి ఒక్కసారీ దిగలేదు, నిజం చెప్తున్నా.

ఈసారి దిగడానికి కారణం మావయ్య గారు. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు కదా, తరాల తరబడి ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన ఊరు, దానికి దగ్గర్లోనే. ఆర్మీలో 22 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. అమెరికా వచ్చిన మూడో రోజే "అమ్మాయ్, ఆ జెండా పాతుతున్న బొమ్మ ఇక్కడేనంట కదా, అది చూపించు చాలు, మిగతాయి మీ అత్తయ్యకి చూపించు" అన్నారు. ఆయన చిన్నప్పుడు ఎవరింట్లోనో క్యాలెండర్ మీద చూశారట.

మొదటిసారి ఒక టూర్ వ్యాన్ బుక్ చేసి పంపించా, పేరు చెప్పను. అన్నీ ఒక్క రోజులో చూపిస్తామన్నారు, చూపించారు కూడా, ఇక్కడ మాత్రం పదిహేను నిమిషాలే, అందులో దిగడానికి అయిదు ఎక్కడానికి అయిదు. మావయ్య గారు ఇంటికొచ్చి ఏమీ అనలేదు గానీ చెప్పులు విడిచిన తీరు చూసి నాకర్థమైపోయింది. ఆ వచ్చే ఆదివారం మా కారులోనే వెళ్లాం, నేను, మా ఆయన, అత్తయ్య గారు, మావయ్య గారు, మా బుడ్డోడు. రెండున్నర గంటలు ఉన్నాం. ఈ రివ్యూ ఆ రెండో ట్రిప్ గురించి.

ముందు పేరు సంగతి. మ్యాప్‌లో యూఎస్ మెరీన్ కోర్ వార్ మెమోరియల్ అని కొట్టండి, ఇవో జీమా అనేది జనం పిలిచే పేరు. మెరీన్లంటే ఓడల్లోంచి దిగి నేల మీద పోరాడే అమెరికన్ సైనికులు. ఆర్లింగ్టన్ సిమెట్రీకి, అంటే సైనికుల శ్మశానానికి, ఆనుకునే ఉంటుంది, రాస్లిన్ మెట్రో నుంచి నడిచి కూడా రావచ్చు. టికెట్ లేదు, పొద్దున 6 నుంచి అర్ధరాత్రి దాకా ఓపెన్. పార్కింగ్ ఫ్రీనే కానీ చోటు తక్కువ, ఆదివారం పదకొండు తర్వాత వస్తే రౌండ్లు కొట్టాల్సిందే. తినడానికి తాగడానికి అక్కడేం ఆశించకండి, మంచినీళ్లు పట్టుకెళ్లండి. విగ్రహం చుట్టూ అంతా ఓపెన్, ఎండ సూటిగా తగుల్తుంది, నీడ కావాలంటే పక్కన చెట్ల కిందకి పోవాల్సిందే.

ఇక అసలు బొమ్మ.

ఫోటోల్లో చూసి ఏ ట్యాంక్‌బండ్ విగ్రహాల సైజో ఉంటుంది అనుకుని వెళ్లా. కారు మలుపు తిరిగి అది కనపడగానే మా ఆయన బ్రేకేశాడు, వెనకాల వాడు హారన్ కొట్టాడు. ఒక్కో మనిషి 32 అడుగులు. పట్టుకున్న జెండా కర్ర 60 అడుగులు. కింద గ్రానైట్ దిమ్మతో కలిపి మొత్తం 78 అడుగులు అంటే మన ఊళ్లో ఆరేడంతస్తుల అపార్ట్‌మెంట్ ఎత్తన్నమాట. ఒకడి దగ్గరున్న రైఫిల్ 16 అడుగులు, నడుముకి వేలాడే నీళ్ల సీసా నిజంగా నింపితే 30 లీటర్లు పడుతుందట, అంటే మన ఇళ్లల్లో తిరగేసే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఒకటి పోసినా ఇంకా సగం క్యాన్‌కి చోటుంటుంది. మా బుడ్డోడికి ఈ ఒక్క లెక్క మాత్రం బాగా ఎక్కింది, సోమవారం స్కూల్లో టీచర్‌కి కూడా చెప్పాడట.

ఆ కర్రకి ఉన్న జెండా మాత్రం కంచు కాదు, నిజం బట్ట జెండా, గాలికి రెపరెపలాడుతూనే ఉంటుంది. 1961 లో ప్రెసిడెంట్ కెన్నెడీ ఇచ్చిన ఉత్తర్వుతో అప్పట్నుంచీ రాత్రీ పగలూ దించకుండా ఎగరేస్తున్నారు. కదలని మనుషుల చేతిలో కదిలే జెండా, ఫోటోలో ఈ తేడా తెలీదు, అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

అత్తయ్య గారు మాత్రం దగ్గరికెళ్లి ఆ ముదురాకుపచ్చ నలుపు రంగు చూసి "ఇంత డబ్బున్న దేశం, చిలుము పట్టనిచ్చారేంటమ్మా, చింతపండేసి తోమితే తళతళలాడదూ" అన్నారు. నవ్వొచ్చింది కానీ ప్రశ్న మంచిదే. మనకి ఇంట్లో ఇత్తడి బిందె మెరిస్తేనే అందం, ఇలా బయట నిలబెట్టే కంచుకి ఆ ముదురు రంగే అందం, పైన మైనం పూత వేసి వానకీ ఎండకీ పాడవకుండా కాపాడతారు. 2015 లో డేవిడ్ రూబెన్‌స్టైన్ అనే ఆయన 50 లక్షల డాలర్లు దాటి విరాళమిస్తే ఆ డబ్బుతో కంచు శుభ్రం చేసి మైనం వేసి, దిమ్మ మీద అక్షరాలకి మళ్లీ బంగారు పూత వేశారు. అందుకే నల్ల గ్రానైట్ మీద ఆ అక్షరాలు ఇప్పటికీ కొత్త నగలా ఉన్నాయి. 1775 నుంచి మెరీన్లు చేసిన పెద్ద యుద్ధాల పేర్లన్నీ దిమ్మ చుట్టూ చెక్కి ఉంటాయి, చుట్టూ తిరిగి చదవడానికి మాకు అరగంట పట్టింది, మావయ్య గారు ఒక్కో పేరూ కూడబలుక్కుని పైకే చదివారు.

ఇప్పుడు కథ. తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. 1945 ఫిబ్రవరి 19 న అమెరికన్లు జపాన్ వాళ్ల ఇవో జీమా దీవిలో దిగారు. అయిదో రోజు, ఫిబ్రవరి 23 న, సురిబచి అనే కొండ మీదకెక్కి జెండా పెట్టారు. పొద్దున పెట్టింది చిన్నదైపోయిందని తర్వాత పెద్దది తెచ్చి ఇంకోసారి ఎత్తారు, ఆ రెండోది ఎత్తుతుంటే అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫర్ జో రోసెంతాల్ క్లిక్ మనిపించాడు, దానికే పులిట్జర్ అనే పెద్ద జర్నలిజం అవార్డు వచ్చింది. ఫోటో చూసి చాలామంది యుద్ధం గెలిచాక ఎత్తిన జెండా అనుకుంటారు, కాదు. అప్పటికి ఇంకా నెల రోజుల యుద్ధం మిగిలుంది, మార్చి 26 దాకా సాగింది. అమెరికన్లు దగ్గర దగ్గర 7 వేలమంది పోయారు, జపాన్ వాళ్లు దానికి రెట్టింపు పైనే. ఫోటోలో జెండా ఎత్తిన ఆరుగురిలో ముగ్గురు, స్ట్రాంక్, బ్లాక్, సౌస్లీ, ఆ నెల రోజుల్లోనే ఆ దీవి మీదే చనిపోయారు.

ఫెలిక్స్ డి వెల్డన్ అని వియన్నాలో పుట్టిన శిల్పి అప్పట్లో అమెరికన్ నేవీలో ఉన్నాడు. ఫోటో చూసిన రెండు మూడు రోజుల్లోనే మైనంతో చిన్న బొమ్మ చేసేశాడట. పెద్దది అవ్వడానికి మాత్రం 9 ఏళ్లు. నాకు బాగా నచ్చిన సంగతేంటంటే, ముందు ఇనప చట్రం కట్టి, మనుషుల్ని బట్టల్లేకుండా, కండలు కనపడేట్టు చేసి, ఆ తర్వాత పైన బట్టలు తొడిగినట్టు చేశాడట. అందుకే చొక్కా ముడతల కింద భుజం ఎటు తిరిగిందో తెలుస్తుంది, ఊరికే గుడ్డ చుట్టిన బొమ్మలా ఉండదు. ప్లాస్టర్‌లో అంతా పూర్తయ్యాక 108 ముక్కలు చేసి లారీల మీద న్యూయార్క్ బ్రూక్లిన్‌కి పంపితే అక్కడ కంచు పోత పోయడానికే దాదాపు మూడేళ్లు పట్టింది. ఆ ముక్కల్ని ఓ డజను పెద్ద భాగాలుగా కలిపారు, అందులో ఒక్కటే 20 టన్నులు దాటిందంట, మళ్లీ లారీలకెక్కించి ఇక్కడికి తెచ్చి బోల్టులు బిగించి లోపల్నుంచి వెల్డింగ్ చేశారు. 1954 నవంబర్ 10 న అప్పటి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ఉండగా ప్రారంభం. ఖర్చు 8 లక్షల 50 వేల డాలర్లు, అన్నీ విరాళాలే, గవర్నమెంట్ డబ్బు పైసా లేదు.

సరే, ఇక్కడి నుంచి చదవండి, అసలు నేను ఇంత పొడుగు రివ్యూ రాయడానికి కారణం ఇదే.

బతికొచ్చిన ముగ్గురు అని అప్పట్లో అనుకున్నవాళ్లు గాగ్నన్, హేస్, బ్రాడ్లీ. ఈ ముగ్గురినీ కూర్చోబెట్టి శిల్పి వాళ్ల మొహాలు మట్టిలో దించాడు, చనిపోయినవాళ్లవి ఫోటోలు చూసి చేశాడు. ఊరూరా తిప్పి సన్మానాలు చేసింది వీళ్లకే. తీరా 2014 లో హాబీగా చరిత్ర తవ్వేవాళ్లిద్దరు పాత ఫోటోలు పక్కపక్కన పెట్టి ప్యాంటు మడత, టోపీ, నడుముకి కట్టుకున్న సామాను అన్నీ పోల్చి ఇది తేడాగా ఉందే అన్నారు. 2016 లో మెరీన్ కోర్ వాళ్లు ఒప్పుకున్నారు, ఫోటోలో బ్రాడ్లీ లేడు, ఉన్నది హారల్డ్ షుల్ట్జ్ అని. ఇంకా తమాషా, బ్రాడ్లీ అనుకున్న చోట ఉన్నది సౌస్లీ, సౌస్లీ అనుకున్న చోట ఉన్నది షుల్ట్జ్. మూడేళ్లాగి 2019 లో ఇంకోటి, గాగ్నన్ కూడా కాదు, అతను హారల్డ్ కెల్లర్ అని, వేలికున్న పెళ్లి ఉంగరం కూడా ఒక ఆధారమయిందట. అంటే శిల్పి ముందు కూర్చుని మొహం ఇచ్చిన ముగ్గురిలో ఇద్దరు అసలు ఆ ఫోటోలోనే లేరు!

మరి ఆ నిజం మనుషులేం చేశారు అంటే, ఏమీ చేయలేదు. షుల్ట్జ్ లాస్ ఏంజెలెస్‌లో పోస్టల్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగం చేసుకుని 1995 లో పోయాడు. కెల్లర్ 1979 లోనే పోయాడు. ఇద్దరూ అది నేనే అని బయట చెప్పుకోలేదు. మన దగ్గర అయితే సర్పంచ్ ఎలక్షన్ ఫ్లెక్సీలో ఫోటో చిన్నదయిందని అలిగేవాళ్లున్నారు, ఇక్కడేమో 32 అడుగుల కంచు విగ్రహం మీద వేరేవాడి మొహం పెట్టినా నోరు విప్పలేదు.

ఇంత తెలిశాక విగ్రహం అబద్ధమైపోయిందా అని నేను కారులోనే అడిగా. మావయ్య గారు చాలాసేపు మాట్లాడలేదు. అక్కడికెళ్లాక అందరూ ముందు వైపు, మొహాలు కనపడే వైపు సెల్ఫీలు దిగుతుంటే ఈయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి వెనక వైపుకెళ్లి నిలబడిపోయారు. అక్కడికి రమ్మని నన్నూ పిలిచారు. "ఇటు నుంచి చూడు. ఎవడి మొహమూ కనపడదు. బరువు ఎవడి మీదుందో అది కనపడుద్ది." నిజమే అండీ. మొదట్లో ఉన్నవాడు కర్ర మొదలు పట్టుకుని దాదాపు నేలకి వంగిపోయి తోస్తున్నాడు, మధ్యలో వాళ్ల మోకాళ్లు మడతపడి తొడల మీద పడుతోంది భారం, అందరికన్నా చివర ఉన్నవాడి చేతులు కర్రకి అందీ అందక గాల్లో ఉన్నాయి. ఆ చివరివాడు ఐరా హేస్, అరిజోనాలో పీమా అనే నేటివ్ అమెరికన్ తెగ వాడు. ప్రారంభోత్సవానికి వచ్చాడు, ఆ తర్వాత మూడు నెలలు కూడా కాకుండా 1955 జనవరిలో చనిపోయాడు, వయసు 32. పక్కనున్న ఆర్లింగ్టన్ సిమెట్రీలోనే సమాధి, స్ట్రాంక్‌దీ అక్కడే.

మావయ్య గారికి ఆ చివరి మనిషి దగ్గరే చూపు ఆగిపోయింది. వాడు చేయి వేయడానికి వస్తున్నాడా, అప్పటిదాకా తోసి వదిలేశాడా అని నాతో వాదన. నేను వస్తున్నాడు అన్నా. ఆయన కాదు, పైకి లేచిపోయాక చేయి అందక ఖాళీ అయిపోయింది, వాడి పని అయిపోయింది అన్నారు. ఆయన ఇరవై రెండేళ్లలో ఏం ఎత్తారో ఏం వదిలారో మాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకో సంగతి గమనించా, దిమ్మ మీద యుద్ధాల పేర్లున్నాయి, అప్పటి పసిఫిక్ నేవీ కమాండర్ అడ్మిరల్ నిమిట్జ్ అన్న మాట ఉంది, కానీ ఈ ఆరుగురి పేర్లు ఎక్కడా చెక్కలేదు. పేర్లు చెక్కి ఉంటే ఇప్పటికి ఆ రాయి ఎన్నిసార్లు అరగదీయాల్సి వచ్చేదో.

పదమూడో చేయి కథ కూడా చెప్పాలి, లేకపోతే కామెంట్లో అడుగుతారు. ఆరుగురికి పన్నెండు చేతులుండాలి, కానీ పదమూడున్నాయి, అది దేవుడి చెయ్యి అని ఒక ప్రచారం ఉంది. టూర్ వ్యాన్ డ్రైవర్ మా వాళ్లకి అదే చెప్పాడట. ఉత్తిదే, శిల్పే స్వయంగా కొట్టిపారేశాడు. మా బుడ్డోడు చుట్టూ రెండుసార్లు పరిగెత్తి లెక్కపెడితే పదకొండే వచ్చాయి, మళ్లీ తాతయ్య వేలు పెట్టి చూపిస్తే పన్నెండోది దొరికింది. పిల్లలున్నవాళ్లు ఈ ఆట ఆడించండి, ఇరవై నిమిషాలు ఫోన్ అడగరు. కారులో చుట్టూ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ చూస్తే జెండా కర్ర లేస్తున్నట్టు కూడా అనిపిస్తుంది, అది మాత్రం నిజం, మేం రెండు రౌండ్లు కొట్టాం.

ఇక ఆ ఒక్క స్టార్ ఎందుకు కోసానంటే. ఇది మరీ పెద్దది. ఎంత పెద్దదంటే మనిషి భయం అందులో కనపడదు. అంతమంది చచ్చిపోయిన చోటు అని ఈ బొమ్మ చూసి ఎవరూ అనుకోరు, గెలిచేశాం అన్న పోస్టర్‌లా ఉంటుంది. నది అవతల వియత్నాం గోడ దగ్గర ముగ్గురు సైనికుల కంచు విగ్రహం ఉంది చూశారా, ఫ్రెడరిక్ హార్ట్ చేసింది, 1984 ది. అది మనిషి కన్నా కాస్తే పెద్దది. ముగ్గురూ అలిసిపోయి, చొక్కా బొత్తాలు తీసేసి, వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు 58 వేలకు పైగా ఉన్న ఆ నల్ల గోడ వైపు చూస్తూ ఉంటారు, ఆ పేర్లలో మనవాడెవడైనా ఉన్నాడా అని వెతుకుతున్నట్టు. ఆ సాయంత్రం అక్కడికీ వెళ్లాం. మావయ్య గారు "డ్యూటీ దిగిన మొహం ఇదీ" అన్నారు అంతే. నన్నడిగితే దానికి 5 కి 5. పక్కన కొరియా మెమోరియల్‌లో గడ్డిలో నడిచే 19 మంది కూడా కంచు అనుకుంటారు చాలామంది, కాదు, అవి స్టెయిన్‌లెస్ స్టీల్.

మావయ్య గారు తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్ కంచు బొమ్మల గురించి చెప్పారు, పోస్టింగ్‌లో ఉండగా రోజూ ఆ రౌండానా మీదుగా పోయేవారట. 1922 లో పెట్టిన ఆ ముగ్గురిలో ఒకడు మన హైదరాబాద్ లాన్సర్స్ మనిషి, మిగతా ఇద్దరు జోధ్‌పూర్, మైసూర్ వాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా వైపు వెళ్లిన గుర్రపు దళాల గుర్తుగా. నాకిది తెలీదు, ఢిల్లీలో రెండేళ్లు చదువుకున్నా కూడా, సిగ్గుపడాల్సిన విషయమే. ఈసారి వెళ్తే బస్సులోంచి కాకుండా దిగి చూడాలి.

వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా, సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. ఎండ తగ్గుతుంది, పార్కింగ్ దొరుకుతుంది, గడ్డి మీద నిలబడితే నది అవతల లింకన్, మాన్యుమెంట్, క్యాపిటల్ (వాళ్ల పార్లమెంట్ భవనం) ఒకదాని వెనకొకటి వరసగా కనపడతాయి, చీకటి పడ్డాక విగ్రహానికి లైట్లు వేస్తారు. వేసవిలో మంగళవారాలు అక్కడే మెరీన్ల సన్‌సెట్ పరేడ్ ఉంటుంది, ఉచితం, బ్యాండూ, మాట లేకుండా రైఫిళ్లు తిప్పే డ్రిల్లూ. ఆ రోజు ఉందో లేదో ముందే చూసుకుని వెళ్లండి. మేం వచ్చే మంగళవారం మడత కుర్చీలు పట్టుకుని వెళ్తున్నాం, డ్రిల్‌లో తప్పులు పడతానని మావయ్య గారు ఇప్పట్నుంచే చెప్తున్నారు.

అన్నట్టు, నేను తీసిన నలభై ఫోటోల్లో ఆయన తన రెజిమెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నది ఒక్కటే, వెనక నుంచి తీసింది. రాత్రికి రాత్రే పదకొండు రిప్లైలు. అందులో తొమ్మిది నమస్కారాలు, ఒకటి అమెరికాలో మందు రేటెంత అని, ఇంకోటి "అన్నా, ఆ చివరోడు చెయ్యి వదిలేశాడేంటి" అని. మావయ్య గారు ఫోను తెచ్చి ఆ చివరి మెసేజ్ నాకు చూపించి వెళ్లి పడుకున్నారు.